వాగుకు తక్కువైన నలభై సెంటీమీటర్లు

వాగు వెడల్పు పది మీటర్లు దాటితే ఒడ్డు నుంచి తొమ్మిది మీటర్ల జాగా వదిలి కట్టుకోవాలి. పది మీటర్లు దాటకపోతే రెండు మీటర్లు వదిలితే చాలు. వాగు గురించి నాకు తెలిసిన చట్టమంతా ఈ రెండు వాక్యాలే. మా అక్క ఎకరం ఈ రెండు వాక్యాల మధ్యన పోయింది.

ఏజెన్సీకి ఇవతల ఆఖరి ఊరు మాది. అవతల నుంచి అడవి మొదలై భద్రాచలం దాకా పోతుంది. అక్కడి భూములు గిరిజనులు కానివాళ్లు కొనడానికి లేదు కాబట్టి, ప్లాట్లు వేసేవాళ్లందరూ సరిగ్గా మా ఊరికొచ్చి ఆగుతారు. అడవి గాలి, వాగు ఒడ్డు అని రోడ్డు మీద బోర్డులు పెడతారు. గాలిని వాళ్లేం చేయలేరు. వాగు అడవిలో పుట్టి, మా ఊరి పొలాల మధ్యకు వచ్చేసరికి సన్నబడుతుంది. అడవిలో దాన్ని ఎవరూ కొలవరు. మా దగ్గరే కొలుస్తారు.

నేను సర్కారు బస్సులో కండక్టరుగా పనిచేసి దిగిపోయినవాణ్ణి. సత్తుపల్లి, వేంసూరు, భద్రాచలం, ఈ రూట్లలోనే నా ఉద్యోగమంతా గడిచింది. నాకు జ్ఞాపకశక్తి ఎక్కువ. ఎవరు ఏ స్టేజీలో ఎక్కి నన్ను ఏమన్నారో ఇప్పటికీ చెప్పగలను. వేంసూరు దగ్గర ఎక్కినవాడు ఒకడు నన్ను ‘ఏయ్ టికెట్టూ’ అని పిలిచాడు. మళ్లీ ఎప్పుడైనా కనిపిస్తే గుర్తుపడతాను. మరిచిపోవాలని ఎప్పుడూ అనుకోలేదు. మరిచిపోతే అవతలివాడు గెలిచినట్టే అని నా లెక్క.

వాగు ఇవతలి ఒడ్డున మా తాత నుంచి నాన్నకు వచ్చిన మూడెకరాలు ఉన్నాయి. పోయేముందు నాన్న పై రెండెకరాలు నాకు, కిందివైపు ఎకరం అక్కకు ఇచ్చాడు. అక్క నాకన్నా నాలుగేళ్లు పెద్దది. బావ పోయాక ఆ ఎకరమే ఆమె బతుకు. పిల్లలు లేరు. వానాకాలం వరి, తర్వాత పెసర, గట్టు మీద నాలుగు బెండ మొక్కలు. ఎవరినీ ఏదీ అడగకుండా బతికింది. ఎండాకాలం ఊళ్లో బోర్లు ఎండిపోతే ఆమె పొలం అంచున ఇసుకలో చెలమ తీసేది. చేతులతో ఇసుక తోడి గుంట చేస్తే కాసేపటికి తేటనీళ్లు ఊరేవి. ఆ నీళ్లతో కాచిన టీ రుచి వేరు. నేను ఆ టీ తాగడానికే పొలానికి పోయేవాణ్ణి.

మా గట్టు గురించి ఇక్కడే చెప్పాలి. దాచి లాభం లేదు.

మా వైపు రైతులందరికీ ఒక అలవాటు ఉంది. ఏటా రోహిణి కార్తెలో, వానలకు ముందు, గట్లు చెక్కుతారు. పక్క రైతు వైపు చెక్కితే గెట్టు పంచాయితీ వస్తుంది. పెద్దమనుషులు కూర్చోవాలి, తాడు పట్టి కొలవాలి. వాగు వైపు అయితే ఏ గొడవా లేదు. పొలం వైపు గట్టు చెక్కి ఆ మట్టిని వాగు వైపు పోసి, వావిలి కొమ్మలు గుచ్చితే అవి వేరు పట్టి మట్టిని ఆపుతాయి. వచ్చే ఏడు మళ్లీ అంతే. ఏడాదికి జానెడు కూడా కాదు. మా నాన్న పారతో మట్టి లాగుతూ అనేవాడు: “వాగుకు నోరు లేదురా. పంచాయితీకి రాదు.” నేను సెలవు పెట్టుకుని వచ్చి ఆయన పక్కన తట్ట మోసేవాణ్ణి. ఆయన పోయాక నేనే చెక్కాను. తప్పు చేస్తున్నానని ఒక్క ఏడు కూడా అనిపించలేదు. గట్టు చెక్కనివాణ్ణి మా ఊళ్లో సోమరి అంటారు.

మా తాత ఆ గట్టు మీద తొమ్మిది తాటిచెట్లు వేశాడు. ఇప్పుడవి మా పొలం లోపల ఉన్నాయి. వాటి నుంచి గట్టు చివరి అంచుకు నాలుగు అంగలు.

అక్క ఒకే ఒక్కసారి దీని మీద మాట్లాడింది. పన్నెండేళ్ల కిందట కావచ్చు. “తమ్ముడా, నీ గట్టు వాగును నా మీదికి తోస్తున్నది. నా ఒడ్డు కొరుక్కపోతున్నది చూడు,” అంది. నలుగురు కూలీల ముందు అంది. నాకు రోషం వచ్చింది. ఆ ఏడు దసరాకు ఆమె ఇంట్లో భోజనానికి చెయ్యి కడగలేదు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేను గెలిచాననుకున్నాను.

ఇక వెంచర్ ఆయన సంగతి. ఖమ్మం వైపు నుంచి వచ్చి, వాగు అవతలి ఒడ్డున మా పొలాలకు సరిగ్గా ఎదురుగా ఉన్న మామిడితోట కొన్నాడు. చెట్లు కొట్టించి, ఎర్రమట్టి పోయించి, ప్లాట్లు కోశాడు. ప్రారంభానికి టెంటు వేసి ఊరందరినీ పిలిచాడు. నేనూ పోయాను. కుర్చీలో కూర్చుని మజ్జిగ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో, ఆయన మనిషి ఒకడు వచ్చి, “పెద్దాయనా, జర లేస్తవా? కస్టమర్లు వస్తున్నరు,” అన్నాడు. లేచాను. ఎండలో నిలబడ్డాను. నేను కూర్చున్న కుర్చీలో ఎవరూ కూర్చోలేదు, సాయంత్రం దాకా అది ఖాళీగానే ఉంది. చూస్తూనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు.

అలా నిలబడ్డప్పుడే వాగు అంచున ముగ్గు పోసిన గీత కనిపించింది. గోడ కోసం. మనిషి పడుకుంటే సరిపోయేంత దూరం కూడా వాగుకు వదల్లేదు. వెంచర్ ఆయన దగ్గరికి పోయి, “వాగుకు ఎంత వదిలిన్రు?” అని అడిగాను.

ఆయన నా వైపు కాదు, చుట్టూ ఉన్నవాళ్ల వైపు చూసి అన్నాడు: “వాగు ఏడున్నది కాకా? నాకు ఇసకే కనపడుతున్నది.”

అందరూ నవ్వారు. మా ఊరివాళ్లు కూడా. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

మర్నాడే అర్జీ రాశాను. గోడ ఆ గీత మీద లేస్తే వరద వచ్చినప్పుడు నీళ్లు అటు పోలేవు. గోడకు కొట్టుకుని ఇటు తిరుగుతాయి. ఇటు తిరిగితే ముందు తగిలేది అక్క ఎకరం. ఇది ఇంజనీర్లు చెప్పాల్సినంత పెద్ద విషయం కాదు. తొట్టిలో ఒక వైపు పలక పెట్టి నీళ్లు పోస్తే ఎవరికైనా తెలుస్తుంది. మండలాఫీసుకు ఒక అర్జీ, నీటిపారుదల వాళ్లకు ఒకటి, కలెక్టరాఫీసులో ఫిర్యాదులు వినే సోమవారం ప్రజావాణిలో ఒకటి ఇచ్చాను. ప్రతి అర్జీకీ ముద్ర వేయించుకుని రశీదు తీసుకున్నాను. భద్రాచలం దాకా కూడా పోయాను. వాగు అడవిలో పుట్టింది కదా, అక్కడి గిరిజన సంక్షేమం ఆఫీసులో ఏమైనా వింటారేమో అనుకున్నాను. వాగు మీ ఊరికి వచ్చాక మాది కాదు అన్నారు.

తిరుగు బస్సులో పక్క సీట్లో ఒక కోయ పెద్దమనిషి కూర్చున్నాడు. మా వాగు పైభాగంలో ఆయన ఊరు. నా చేతిలో కాగితాలు చూసి ఏందని అడిగితే చెప్పాను. “మీ ఊళ్లో వాగుకు ఎంత వదులుతరు?” అని అడిగాను.

ఆయన ఆ ప్రశ్న అర్థం కానట్టు చూశాడు. “వదిలేదేంది? పెద్ద వాన పడ్డనాడు యాడిదాక వస్తే ఆడిదాక వాగుదే. మిగిలింది మనది,” అన్నాడు.

ఇంటికొచ్చి అక్కకు చెప్పాను. అప్పుడామె పెసర కాయ వలుస్తోంది. “మంచిగ చెప్పిండు. మరి నువ్వేమన్నవ్?” అంది. నేను కాగితాలు సంచిలో సర్దుకున్నాను. “బస్సు దిగి ఐదేండ్లాయె. ఇంక సీటీ ఊదుతనే ఉన్నవ్,” అని నవ్వింది. కానీ లోపల ఆశపడింది. నాకు తెలుసు. ఆ రోజుల్లో నేను ఆఫీసుకు పోయి వచ్చిన ప్రతిసారీ, అడగకుండానే టీ పెట్టేది. కప్పు నా చేతికిచ్చి, “ఏమన్నరు?” అనేది.

మే నెలలో సర్వే పెట్టారు. ఎండాకాలంలో వద్దని చెప్పాల్సింది. వాగు నిండుగా ఉన్నప్పుడు రమ్మనాల్సింది. కానీ గోడ పునాది తవ్వుతున్నారు. జల్దీగా కొలవాలని నేనే పట్టుబట్టాను. సర్వేయరు, ఆయనతో ఒక మనిషి, నీటిపారుదల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చారు. వెంచర్ ఆయన కారులో వచ్చాడు. అక్క తాటిచెట్ల కింద నీడలో నిలబడింది.

సర్వేయరు మర్యాదస్తుడు. ఇంత జరిగాక కూడా ఆయన మీద నాకు కోపం లేదు. “పెద్దాయనా, ఏడ కొలవాలె?” అని నన్నే అడిగాడు. గోడకు ఎదురుగా కొలవాలి కదా, మా పొలం దగ్గర చూపించాను. ఆయన మనిషి టేపు చుట్ట పట్టుకుని వాగు దాటి అవతలి ఒడ్డుకు పోయాడు. టేపు మొదలు పట్టుకోవడానికి ఇవతల ఒకరు కావాలి. నేను పట్టుకున్నాను. మా గట్టు అంచున, వావిలి వేర్ల మీద, నా చేత్తోనే ఆనించి పట్టుకున్నాను.

“తొమ్మిది అరవై!” అని అవతల నుంచి కేక వేశాడు.

పది మీటర్లకు నలభై సెంటీమీటర్లు తక్కువ.

“కింద మా అక్క పొలం కాడ కొలవండి సారూ. ఆడ పన్నెండు దాటుద్ది,” అన్నాను. నీటిపారుదలాయన అటు వెళ్లి చూసి వచ్చాడు. “అది కోతపడ్డ ఒడ్డు. అసలు వెడల్పు కిందికి రాదు,” అన్నాడు. అది ఎందుకు కోతపడిందో ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

సర్వేయరు మాత్రం నా కాళ్ల కింద గట్టు వైపు చూస్తున్నాడు. తలెత్తి తాటిచెట్ల వైపు చూశాడు. మళ్లీ గట్టు వైపు చూశాడు. “ఈ గట్టు ఎప్పటిది పెద్దాయనా?” అన్నాడు.

అడగాల్సిన ప్రశ్న అదే. ఆయన సరిగ్గానే అడిగాడు. సారూ, అసలు ఒడ్డు ఆ తాటిచెట్ల దగ్గర, ఈ నాలుగు అంగలు మేం కలుపుకున్నాం అని ఒక్క మాట చెబితే చాలు. టేపు మొదలు నాలుగు అంగలు వెనక్కి జరిగేది. వాగు పది మీటర్లు దాటేది. తొమ్మిది మీటర్ల అవతలకు గోడ జరిగేది. నాకు పోయేది నాలుగు అంగల నేల. నోరు తెరిచాను కూడా.

ఇంతలో వెంచర్ ఆయన కారుకు ఆనుకుని అందుకున్నాడు: “అడుగున్రి సార్, మంచిగ అడుగున్రి. నా గోడ తర్వాత. కండక్టర్ సారు వాగు మీదికి ఎన్ని సీట్లు జరిగిండో అడుగున్రి.”

అవతలి ఒడ్డు నుంచి టేపు మనిషి కూడా నవ్వాడు. నాకు ఆ ఖాళీ కుర్చీ గుర్తొచ్చింది. ఎండలో మజ్జిగ గ్లాసు గుర్తొచ్చింది. ఆ మనిషి ముందు తల వంచడమా అనిపించింది.

“మా నాయన కాలం నుంచి ఈడనే ఉన్నది. ఇంచు గూడ జరగలే,” అన్నాను.

సర్వేయరు ఇంకోసారి చూశాడు. “జరగలేదు?” అన్నాడు.

“జరగలే.”

ఆయన రాసుకున్నాడు. గట్టు జరిగిందని తేలితే నష్టపోయేది వెంచర్ ఆయనే. మరి ఎందుకు తవ్వాడు ఆ మాట? నా సంగతి తెలిసి, నేనేమంటానో తెలిసే అన్నాడా అని ఇప్పటికీ ఆలోచిస్తాను. తెలిసే అని ఉంటే, నన్ను నాకన్నా బాగా చదివినవాడు ఆయనొక్కడే.

కారు బానెట్ మీద కాగితాలు పెట్టి పంచనామా రాశారు. సర్వేయరు పైకి చదివాడు. సదరు గట్టు తన తండ్రి కాలం నుంచి యథాస్థానంలో ఉన్నదని అర్జీదారుడు స్వయంగా తెలిపినాడు అని ఒక వాక్యం వచ్చింది. సంతకం పెట్టాను. పక్క రైతుగా అక్కను కూడా పెట్టమన్నారు.

“నా కండ్లద్దాలు ఇంటికాడున్నయ్ సారూ,” అంది అక్క.

అక్కకు కళ్లద్దాలు లేవు. ఎప్పుడూ లేవు.

అందరూ పోయాక ఇద్దరం ఊళ్లోకి నడిచాం. కోళ్లఫారం దాటాక ఆమె అడిగింది: “తాటిచెట్లు నడుస్తయారా తమ్ముడా?”

“ఏంది నీ మాట?”

“నడవయి కదా. మరి పొలం నడిమిట్లకు ఎట్ల వచ్చినయ్?”

నేను కోపంగా, “అంత తెలిసినదానివి ఆడనే చెప్పకపోయినవా?” అన్నాను.

“చెబుదునా? నలుగుర్ల నీ మాట తీసేద్దునా?” అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, “ఎండ బాగున్నది, జల్దీ నడువు,” అంది.

ఆ రోజు టీ పెట్టలేదు. ఏమన్నరు అని అడగలేదు. అడగాల్సింది ఏముంది, అక్కడే ఉంది కదా.

మర్నాడు పోయి మాట దిద్దుకోవచ్చు. దిద్దుకోవాలనే అనుకున్నాను. చొక్కా వేసుకుని బస్టాపు దాకా పోయాను. అక్కడ వెంచర్ ఆయన మనిషి నిలబడి ఉన్నాడు, కుర్చీలోంచి లేపినవాడు. వీడి కళ్ల ముందు ఈ బస్సెక్కి పోయి తప్పయిందని చెప్పాలా అనుకుని వెనక్కి వచ్చాను. ఇలా పదకొండు రోజులు. పన్నెండో రోజు పోతే, ఫైలు పై ఆఫీసుకు పోయింది అన్నారు. అప్పటికి రెండు మీటర్ల దగ్గర రాళ్లు పాతారు. మృగశిర వచ్చేసరికి గోడ నడుము ఎత్తు లేచింది.

ఆ ఏడు వానలు పెద్దగా పడలేదు. అయినా అక్క ఒడ్డు రెండు గజాలు తెగింది. ఆమె వావిలి కొమ్మలు తెచ్చి గుచ్చింది. నిలవలేదు.

నేను ప్రతి సోమవారం పోయాను. ఏ ఆఫీసుకు పోయినా అదే తంతు. నేను చెప్పినదంతా వింటారు. తర్వాత ఫైలు తీసి, పంచనామా తిప్పి, వేలు పెట్టి చూపిస్తారు. వేలు కింద నా సంతకం. నా దస్తూరి గుండ్రంగా ఉంటుంది, నాదని ఎవరికైనా తెలుస్తుంది. చివరికి ఇంకో అర్జీ రాశాను. నా గట్టు వాగును ఆక్రమించి ఉన్నది, నేను అబద్ధం చెప్పాను, వచ్చి తొలగించి మళ్లీ కొలవండి అని. ఆ కాగితం రాయడానికి నాకు ఎంత కష్టమయిందో నాకే తెలుసు. బల్ల దగ్గర గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివాడు.

“పెద్దాయనా, నీ మీద నువ్వే కంప్లయింటిస్తవా?”

“అవ్.”

“ఇందుల ఫిర్యాదుదారు పేరు, ఎదుటి పార్టీ పేరు వేరే వేరే ఉండాలె. రెండూ నీవే రాస్తే కంప్యూటర్ తీసుకోదు.” పక్కబల్ల ఆమెను పిలిచి చూపించాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ, “మంచి మనిషే పాపం,” అంది. ఆ పాపం అన్నమాట కూడా నాకు గుర్తుంది.

అయితే నేనే తొలగిస్తాను అనుకున్నాను. ఎండాకాలంలో ఇద్దరు కూలీలను పెట్టుకుని, నేనూ పార పట్టి, తాటిచెట్ల దాకా గట్టు తవ్వాం. వావిలి వేర్లు మనిషి చెయ్యంత లావు అయ్యాయి. గొడ్డలితో కొట్టాల్సి వచ్చింది. ఒకచోట మట్టిలో మా నాన్న వాడిన పాత తట్ట అడుగు రేకు బయటపడింది. తుప్పుపట్టి చేతిలోనే విరిగిపోయింది. మట్టిని ట్రాక్టరులో మా పొలం పైచెక్కకు తోలించాను. ఆ పనిలో ఉన్న వారం రోజులూ అక్క గంపలో అన్నం పెట్టుకుని వచ్చింది. తాటిచెట్టు మొదట్లో గంప దించి, మేం తిన్నాక తీసుకుని పోయేది.

తవ్వడం అయిపోయిన పదిరోజులకు నాకు నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా వాగు ఒడ్డును తవ్వి, సహజ వెడల్పును మార్చినందుకు సంజాయిషీ ఇవ్వమని. వెంచర్ ఆయన ఫోటోలు తీసి ఫిర్యాదు ఇచ్చాడు. వాగు ఒడ్డు కాపాడమని నేను రాసిన అర్జీలన్నిటికీ కలిపి, ఈ వాగు మీద ఇంతవరకు ఇచ్చిన నోటీసు అదొక్కటే. అది నాకే వచ్చింది. సహజ వెడల్పు ఎంతో అందులో రాశారు. తొమ్మిది మీటర్ల అరవై.

శ్రావణంలో అడవిలో రెండు రోజులు ఆగకుండా వాన పడింది. మా ఊళ్లో పెద్దగా లేదు. మూడో రోజు పొద్దున ఎనిమిదింటికి వాగు వచ్చింది. నేను తాటిచెట్ల దగ్గర నిలబడి చూశాను. అనుకున్నదే జరిగింది. నీళ్లు గోడను కొట్టి, నురగ ఎత్తి, ఇటు తిరిగాయి. అక్క ఎకరంలో అప్పటికి నాటు వేసి పదిహేను రోజులైంది. ముందు పచ్చగా ఉన్నది ఎర్రగా అయింది. తర్వాత ఒడ్డు పెచ్చులు పెచ్చులుగా, నాటుతో సహా, విరిగి కూర్చుంది. చప్పుడు పెద్దగా రాలేదు. నానిన రొట్టె విరిగినట్టు విరిగింది. మధ్యాహ్నానికి మూడొంతులు పోయింది. మిగిలిన దాని మీద మోకాలెత్తు ఇసుక, రాళ్లు, అడవి నుంచి కొట్టుకొచ్చిన ఒక మద్దిచెట్టు మొద్దు.

నేను గట్టు తవ్వి వదులు చేయడం వల్లే నీళ్లు అటు మళ్లాయని ఊళ్లో కొందరన్నారు. నిజమో కాదో నాకు తెలియదు. కాదని గట్టిగా చెప్పే నోరు నాకు ఇప్పుడు లేదు.

అక్క వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. నేను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. “చెలమ ఏడ ఉండెనో గూడ ఆనవాలు లేదు,” అంది. అంతే. గోడ అవతల ప్లాట్లకు ఒక చుక్క నీరు పోలేదు.

నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు పంట పోయినట్టు రాశారు. నేల పోయినట్టు రాయడానికి కాగితంలో గడి లేదన్నారు.

ఆ తర్వాత పది రోజులకు నేను అక్క ఇంటికి పోయాను. “పై చెక్కలో ఒక ఎకరం నువ్వు చేసుకో. నీదే అనుకో,” అన్నాను. నా జీవితంలో నేను ముందుగా తగ్గి మాట్లాడింది అప్పుడే.

ఆమె బియ్యం చెరుగుతోంది. చాట ఆపలేదు. “రాసిస్తవా?”

“నా మాట మీద నమ్మకం లేదా?”

“నీ మాటనా?” చాట ఆపి నా వైపు చూసింది. “కాగితం లేకుండ నేను నీ గట్టు దాటనురా. నా తమ్మునివి, నీ సంగతి నాకు తెల్వదా?”

రాసివ్వడానికి రిజిస్ట్రేషన్ దగ్గరికి పోయాను. నా సర్వే నంబరు మీద వాగు ఒడ్డు కేసు పెండింగులో ఉంది, అది తేలేదాకా భూమి చేతులు మారడానికి వీల్లేదు అని తెర మీద చూపించారు. నా మీద వచ్చిన ఆ నోటీసే.

ఇప్పుడు అక్క ఊరవతల ఆయిల్‌పామ్ తోటలో కూలికి పోతోంది. గెలల నుంచి రాలిన కాయలు ఏరే పని. పొద్దున ఆమె పోయేదారి, నేను బస్సుకు పోయేదారి ఒకటే. కలిసినప్పుడు “సోమారమా ఇయ్యాల?” అంటుంది. అవ్ అంటాను. తోట గేటు దగ్గర తిరిగిపోతుంది.

పోయిన సోమవారం నోటీసు ఎత్తేయమని అడిగాను. పంచనామా ధ్రువీకరణ నకలు జతచేయాలన్నారు. నకలు కోసం వేరే దరఖాస్తు ఫారం ఇచ్చారు. అందులో ఒకచోట, పై పంచనామాలోని విషయాలు సత్యమని అంగీకరిస్తున్నాను అని అచ్చువేసి ఉంది. దాన్ని కొట్టేయవచ్చా అని గుమాస్తాను అడిగాను. కొట్టేస్తే దరఖాస్తు చెల్లదన్నాడు.

వెనక లైనులో ఇరవై మంది ఉన్నారు. సంతకం పెట్టాను.